చదివినది పంచిన మనీషి: కొమర్రాజు లక్ష్మణరావు

ధనం పంచితే తరుగుతుంది, విద్య పంచితే పెరుగుతుంది అన్న మాట మనమందరం చిన్ననాటి నుండి వింటూనే ఉన్నాం. పరీక్షలలో వ్యాసం వ్రాయవలసి వచ్చినప్పుడు మొదటి వాక్యంగా దానిని ఎన్నోసార్లు వాడుకొన్నాం కూడా. కాని ఆ మాటను తన నిత్యజీవితానికి నియమంగా చేసికొన్నవారు ఏ కాలంలోనైనా అరుదుగానే కనబడతారు. అటువంటివారిలో అగ్రగణ్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. వారి జీవితాన్ని మా శక్తికొలది ఈ సంచికలో పరిచయం చేయబూనడానికి ఒక కారణం ఉంది. ముందుగా దానిని విన్నవించుకొంటాము.

మేము అడిక్‌మెట్‌లోనూ, దానికి ఇరుగుపొరుగున ఉన్న విద్యానగర్, తార్నాక ప్రాంతాలలోనూ నివసించే కొందరు విద్యార్థులం. మాలో కొందరు ఉర్దూ చదువుకొన్నవారు, మరికొందరు తెలుగు చదువుకొన్నవారు. ఆదివారం సాయంత్రాలలో అడిక్‌మెట్ వంతెన దాటి విశ్వవిద్యాలయ ప్రాంగణానికి పోయి, ఆర్ట్స్ కళాశాల ఎదుట చెట్ల నీడన కూర్చుండి, ఆ వారం చదివిన పుస్తకాలను గూర్చి ముచ్చటించుకోవడం మాకు అలవాటు. మేము పెట్టుకొన్న నియమం ఒక్కటే. పుస్తకం బాగుంది, బాగులేదు అని ఊరకుంటే చాలదు. అది ఎవరికి పనికివస్తుందో కూడా చెప్పాలి. ఉర్దూ మిత్రుడు ప్రేమ్‌చంద్ కథను చెబితే, తెలుగు మిత్రుడు సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రలోని ఒక ఘట్టాన్ని వివరిస్తాడు. ఒకరి లిపి మరొకరికి రాకపోయినా, ఒకరి పుస్తకం మరొకరికి ఆ విధంగా చేరుతూ వచ్చింది.

మాలో ఒక మిత్రుడు మితభాషి. అయినా ఒకనాడు ఒక నవలను గూర్చి ఎంతో లోతైన విమర్శ చేశాడు. మేము ఆశ్చర్యపడి ప్రశంసించగా, అతడు తల వంచుకొని, ఆ అభిప్రాయం తనది కాదనీ, తన అక్కగారిదనీ ఒప్పుకొన్నాడు. ఆమె ఇంటి పరిస్థితుల వలన పదవ తరగతితోనే చదువు మానవలసి వచ్చింది. తమ్ముడు ఇంటికి తెచ్చే పుస్తకాలను ఆమె రాత్రివేళ పనులన్నీ ముగించుకొని చదువుతూ ఉండేవారు. మా గోష్ఠిలో తిరుగుతున్న ప్రతి పుస్తకానికీ మాకు తెలియని పాఠకురాలు ఒకరు ఉన్నారన్న సంగతి అప్పుడు కాని మాకు తెలియలేదు. ఇది విన్న ఒక అధ్యాపకులు, ఇటువంటి అక్కాతమ్ముళ్ళ కథ తెలుగుదేశంలో ఒకటి వెనుకనే జరిగిందని చెప్పి, లక్ష్మణరావుగారి జీవితాన్ని చదువుకొమ్మని మాకు సలహా ఇచ్చారు. అలా చదివి తెలిసికొన్న విషయాలే ఈ వ్యాసం.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరం మే 18వ తేదీన కృష్ణా జిల్లాలో మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు గ్రామంలో జన్మించారు. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడు సంవత్సరాల ప్రాయంలోనే ఆయన పితృవియోగానికి గురి అయ్యారు. ప్రాథమిక విద్య నైజాము రాష్ట్రంలోని భువనగిరిలో, సవతి అన్నగారైన శంకరరావుగారి సంరక్షణలో జరిగింది. ఆ తరువాత ఉన్నత విద్యకై ఆయన తన అక్కగారైన బండారు అచ్చమాంబ, బావగారైన మాధవరావుల ఇంటికి నాగపూరు చేరుకొన్నారు. తండ్రి లేని ఆ బాలుని చదువు ఒక ఇంటినుండి మరొక ఇంటికి, ఒక ఊరినుండి మరొక ఊరికి, ఒక భాషనుండి మరొక భాషకు సాగింది. ఇతరుల ఆదరణ వలన తనకు అబ్బిన చదువు తన ఒక్కని సొత్తు కాదన్న భావం ఆయన మనస్సులో అంత బలంగా నాటుకొనడానికి ఈ బాల్యమే కారణమై ఉంటుందని మాకు తోస్తుంది.

అచ్చమాంబగారు 1874లో జన్మించారు. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు చిన్నతనంలోనే వివాహమైంది. ఆమె బడికి పోయి చదువుకొన్నవారు కారు. తమ్ముడు పాఠాలు వల్లెవేస్తూ ఉండగా ప్రక్కన కూర్చుండి అక్షరాలు నేర్చుకొన్నారు. తమ్ముడు తాను నేర్చినదానిని అక్కకు చెప్పేవాడు. అక్క దానిని మనసుకు పట్టించుకొని, ఇంకా ముందుకు పోయేది. తెలుగు, హిందీలతో ఆరంభమైన ఆమె చదువు క్రమంగా మరాఠీ వంటి ఇతర భాషలకు విస్తరించింది. కడుపున పుట్టిన బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖంలో కూడా ఆమె పుస్తకాన్ని విడువలేదు. భారతదేశంలోని ఉత్తమ స్త్రీల చరిత్రలను గ్రంథాలనుండి సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల అనే పుస్తకాన్ని ఆమె రచించారు. అది 1901లో వెలువడింది. స్త్రీలు విద్యకు అర్హులు కారన్న వాదానికి సమాధానం చెప్పడం ఆ రచనలోని ముఖ్యోద్దేశం. 1902లో ప్రకటితమైన ఆమె ధనత్రయోదశి అనే కథను పలువురు పరిశోధకులు తెలుగులో వెలువడిన తొలి కథానికలలో ఒకటిగా ఎన్నుతున్నారు. అదే సంవత్సరం ఆమె ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించారు. ఆ తరువాత ఆంధ్రదేశంలోని పలు పట్టణాలకు పోయి స్త్రీ సమాజాల స్థాపనకు ప్రోత్సాహమిచ్చారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒక బాలుడు తన పాఠాన్ని తనలోనే దాచుకొనక ప్రక్కన కూర్చున్న అక్కకు చెప్పాడు. ఆ అక్క దేశంలోని స్త్రీల చరిత్రలను వెదకి తీసి వేలాది సోదరీమణులకు చెప్పింది. ఎవరూ పెద్ద ప్రణాళిక వేసికొని ఈ పని చేయలేదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పారు, అంతే. లక్ష్మణరావుగారు పిమ్మట చేసిన మహాకార్యాలన్నింటికీ మూలం ఈ నాగపూరు ఇంటిలోనే ఉన్నదని మేము భావిస్తున్నాము. అచ్చమాంబగారు 1905 జనవరిలో, ముప్పది యేండ్ల వయస్సులోనే కన్నుమూశారు. లక్ష్మణరావుగారు తన కుమార్తెకు అక్కగారి పేరే పెట్టుకొన్నారు. ఆ కుమార్తె పెరిగి పెద్దదై వైద్యురాలుగా, పార్లమెంటు సభ్యురాలుగా ప్రసిద్ధి పొందిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ.

నాగపూరు వాసం లక్ష్మణరావుగారికి మరొక మేలు చేసింది. అక్కడ మరాఠీ భాష ఆయనకు మాతృభాషతో సమానమైంది. మరాఠీ పత్రికలకు ఆయన వ్యాసాలు వ్రాశారు. మహారాష్ట్రులు తమ చరిత్రను తమ భాషలో పరిశోధించుకొని, గ్రంథాలుగా ప్రకటించుకొని, పదిమందిలో చర్చించుకొంటున్న తీరును ఆయన దగ్గరనుండి చూశారు. తెలుగువారికి అటువంటి సాధనాలు అంతగా లేవన్న లోటు ఆయనను బాధించింది. బాధపడి ఊరకుండక, తాను చదివిన మరాఠా చరిత్రనే ముందుగా తెలుగువారికి చెప్పడానికి పూనుకొన్నారు. ఆయన రచించిన శివాజీ చరిత్రము అలా వెలువడినదే.

1900లో బి.ఎ. పట్టం పొందిన పిమ్మట లక్ష్మణరావుగారు మునగాల సంస్థానంలో రాజా నాయని వెంకట రంగారావు బహద్దరుగారి కొలువులో చేరి, దివానుగా పనిచేశారు. ఎం.ఎ. పరీక్షలో ఆయన ఉత్తీర్ణులైనది ఈ ఉద్యోగంలో ఉంటూనే. మునగాల అప్పుడు మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినదైనా, చుట్టూరా నైజాము రాష్ట్రంతో చుట్టబడి ఉన్న పరగణా. నేడది తెలంగాణలోని సూర్యాపేట జిల్లాలో ఉంది. ఇటు హైదరాబాదుకు, అటు బెజవాడకు నడుమనున్న ఆ చిన్న సంస్థానంలో నిలిచి ఆయన రెండు ప్రాంతాల తెలుగువారినీ చూడగలిగారు. దివానుగిరి సాధారణంగా అధికారానికి, ఆడంబరానికి మార్గం. లక్ష్మణరావుగారు మాత్రం ఆ పదవిని పుస్తకాలకు ఆశ్రయం సంపాదించే మార్గంగా చేసికొన్నారు. రాజాగారి ఔదార్యం ఆయన సంకల్పానికి తోడైంది.

ఆనాటి హైదరాబాదులో తెలుగు పాఠకుని స్థితిని ఊహించుకొనండి. ప్రభుత్వ వ్యవహారాలు ఉర్దూలో జరిగేవి. 1891లో ఏర్పడిన అసఫియా గ్రంథాలయం అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు గొప్ప నిలయం. కాని తెలుగు పుస్తకం చదువదలచినవాడు తన ఇంటిలో ఉన్నదేదో చదువుకోవాలి, లేదా మిత్రుని వద్ద ఎరువు తెచ్చుకోవాలి. ఈ లోటును తీర్చడానికి లక్ష్మణరావుగారు, నాయని వెంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మరికొందరు మిత్రులు కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. దానికి తొలి ఆశ్రయం రాంకోటిలో రావిచెట్టు రంగారావుగారి ఇల్లు. ఇప్పుడది సుల్తాన్ బజారులో స్వంత భవనంలో ఉంది. మా అడిక్‌మెట్‌కు అది ఏమంత దూరం కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడడానికి పదునేడు సంవత్సరాల ముందే, ఒక గృహస్థు ఇంటిలో, కొందరు పాఠకులు తమ పుస్తకాలను ఒకచోట చేర్చి పదిమందికి తలుపు తెరిచారు.

ఆ తలుపు తెరిచిన ఫలితం త్వరలోనే కనిపించింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. తెలంగాణలో పిమ్మట వచ్చిన సాంఘిక, సాంస్కృతిక చైతన్యానికి ఈ గ్రంథాలయాలు పుట్టిళ్ళు అనడంలో అతిశయోక్తి లేదు. పుస్తకం కోసం వచ్చినవారు ఒకరినొకరు తెలిసికొన్నారు. తెలిసికొన్నవారు సభలు జరుపుకొన్నారు. సభలు జరుపుకొన్నవారు తమ భాషకు, తమ బిడ్డల చదువుకు ఏమి కావాలో అడగడం నేర్చుకొన్నారు.

గ్రంథాలయం ఏర్పడింది, అలమారలు వచ్చాయి. అప్పుడు మరొక ప్రశ్న ఎదురయింది. ఆ అలమారలలో పెట్టడానికి తెలుగులో ఏమి పుస్తకాలు ఉన్నాయి? కావ్యాలు ఉన్నాయి, పురాణాలు ఉన్నాయి, శతకాలు ఉన్నాయి. కాని రసాయనశాస్త్రం తెలియగోరిన తెలుగు యువకునికి, దేశచరిత్ర తెలియగోరిన గృహిణికి, అమెరికాలో బానిసత్వం ఎలా తొలగిందో తెలియగోరిన రైతుబిడ్డకు అందివ్వదగిన పుస్తకాలు బహు స్వల్పం. ఆ లోటును పూరించడానికి 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసింది. లక్ష్మణరావుగారికి తోడుగా గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు ఇందులో పాలుపంచుకొన్నారు. 1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది.

మండలి ప్రకటించిన మొదటి పుస్తకం గాడిచర్లవారు రచించిన అబ్రహాం లింకను చరిత్రము. తెలుగువారికి ఇచ్చే మొదటి కానుకగా ఒక కట్టెలు కొట్టి బ్రతికిన బీదబాలుడు దేశాధ్యక్షుడై బానిసలను విడిపించిన కథను ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. వలసపాలనలో ఉన్న పాఠకునికి అప్పుడు ఏది అవసరమో ఆలోచించి చేసిన ఎన్నిక అది. పిమ్మట ఒక్కొక్క శాస్త్రానికి ఒక్కొక్క గ్రంథం రాసాగింది. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రాన్ని వ్రాశారు. చిలుకూరి వీరభద్రరావుగారు ఆంధ్రుల చరిత్రను వ్రాశారు. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన కట్టమంచి రామలింగారెడ్డిగారు అర్థశాస్త్రాన్ని తెలుగులో చెప్పారు. చారిత్రక నవలలకు పోటీలు పెట్టి మండలి క్రొత్త రచయితలను ప్రోత్సహించింది.

ఈ పట్టికను మేము మా గోష్ఠిలో చదువుకొన్నప్పుడు ఒక విషయం స్ఫురించింది. లక్ష్మణరావుగారు చేసినది మరేమీ కాదు. ఎవరు ఏది చదివారో కనుగొని, చదివినదానిని వచ్చి తెలుగులో చెప్పవలసిందిగా వారిని కోరారు. వైద్యుడు తన వైద్యగ్రంథాలనుండి, చరిత్రకారుడు తన శాసనాలనుండి, అర్థశాస్త్రజ్ఞుడు తన విశ్వవిద్యాలయంనుండి వచ్చి, తాము చదివినది ఇది, ఇది మీకు ఇందుకు పనికివస్తుంది అని చెప్పారు. మా ఆదివారపు ముచ్చట చెట్టు క్రింద జరిగేది. ఆయన నడిపిన ముచ్చటకు తెలుగుదేశమంతా పందిరి. పరిమాణంలో భేదం ఉన్నా స్వభావం ఒక్కటే.

లక్ష్మణరావుగారు స్వయంగా చరిత్రకారులు. శాసనాలను పరిశీలించి చరిత్రను నిర్ణయించాలన్న దృష్టి ఆయనది. మండలి పక్షాన ఆయన హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అనే రెండు చరిత్ర గ్రంథాలను రచించారు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మా కళాశాల విద్యార్థులకు రెండవ గ్రంథం పేరు వినగానే కుతూహలం కలగడం సహజం. దేశచరిత్రను మతాల పేర యుగాలుగా విభజించే పద్ధతిని నేటి చరిత్రకారులు అంగీకరించరు. ఏ యుగంలోనైనా ప్రజల శ్రమ, వ్యాపారం, కళలు, భాషలు మతాల హద్దులను దాటి ప్రవహించాయని వారు చూపుతున్నారు. ఆ విభాగం లక్ష్మణరావుగారి కాలంలో విద్వాంసులలో వాడుకలో ఉన్నదే. దానిని మనం గుర్తించి విడనాడవచ్చు. అయినా ఢిల్లీ సుల్తానుల, మొగలాయీల కాలాన్ని విడిచిపెట్టి తమ చరిత్ర పూర్తి కాదనీ, దానిని కూడా తెలుగువాడు తన భాషలో చదువుకోవాలనీ ఆయన తలచినందుకు ఆయనపట్ల మా గౌరవం తగ్గదు. ఆయన బహుభాషావేత్త. ఎరిగిన భాషలలో ఉర్దూ కూడా ఒకటి.

ఈ సందర్భంలో మా ప్రాంగణానికి సంబంధించిన మరొక కృషిని స్మరించక తప్పదు. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అంతా ఉర్దూలో బోధించాలని నిర్ణయించినందున, గణితం, భౌతికశాస్త్రం, వైద్యం, చరిత్ర, తత్త్వం వంటి విషయాలలోని గ్రంథాలను అది ఉర్దూలోకి తెచ్చింది. దాని తొలి దశలో మౌల్వీ అబ్దుల్ హక్ గారు ముఖ్యపాత్ర వహించారు. క్రొత్త శాస్త్రానికి క్రొత్త మాటలు కావాలి. దారుల్ తర్జుమావారు వాటిని అరబ్బీ, ఫారసీల సహాయంతో నిర్మించుకొన్నారు. విజ్ఞాన చంద్రికా మండలివారు సంస్కృతం సహాయంతో నిర్మించుకొన్నారు. ఒకరు ప్రభుత్వ ధనంతో, మరొకరు ప్రజల చందాలతో, సంస్థానాధిపతుల విరాళాలతో పనిచేశారు. కాని ఉభయుల ఆశయం ఒక్కటే. విజ్ఞానం ఆంగ్లం తెలిసిన కొద్దిమంది ఇంటి గదిలో బందీగా ఉండరాదు. అది తల్లి భాషలో పిల్లవాని చేతికి రావాలి. అయినా ఉర్దూ చదివినవారికి మండలి సంగతి, తెలుగు చదివినవారికి దారుల్ తర్జుమా సంగతి తెలియకపోవడం మేము మా గోష్ఠిలోనే చూశాము. ఒకే నగరంలో పుట్టిన ఈ ఇద్దరు అక్కచెల్లెళ్ళను ఒకరికొకరిని పరిచయం చేయడం మనవంటి కళాశాల విద్యార్థుల కర్తవ్యం కాదా?

మద్రాసులో లక్ష్మణరావుగారి నివాసం పేరు వేదవిలాస్. అది పండితులకు, రచయితలకు, పరిశోధకులకు కూడలి. ఆధునికాంధ్రకు దారిచూపిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919లో తుదిశ్వాస విడిచినది కూడా ఆ ఇంటిలోనే. అక్కడినుండే లక్ష్మణరావుగారు తన జీవితంలోని అన్నిటికంటె పెద్ద పనికి పూనుకొన్నారు. ఆంగ్లంలో ఉన్న విజ్ఞాన సర్వస్వాల వంటి గ్రంథాన్ని తెలుగులో నిర్మించాలన్నది ఆ సంకల్పం. ఒక మనిషి తన జీవితకాలంలో చదువగల పుస్తకాలు కొన్నే. సామాన్యుడు ఏదైనా ఒక విషయం తెలిసికొనగోరితే ఎన్ని పుస్తకాలని తిరగవేయగలడు? పండితులు చదివి సారం తీసి, అకారాదిక్రమంలో పేర్చి ఇస్తే ఆ సామాన్యుడు తన వాకిటిలో కూర్చుండి ప్రపంచాన్ని చూడగలుగుతాడు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము ఈ ఆశయంతో 1912, 1913 సంవత్సరాల ప్రాంతంలో ప్రారంభమైంది.

ఆ మహాయజ్ఞంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆచంట లక్ష్మీపతి, మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాయప్రోలు సుబ్బారావు మున్నగువారు ఆయనకు సహాయపడ్డారు. వీరిలో మల్లంపల్లివారు పిమ్మట తెలుగుదేశపు చరిత్ర పరిశోధకులలో ప్రముఖులైనారు. రాయప్రోలువారు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చి తెలుగు శాఖకు అధ్యక్షులైనారు. వేదవిలాస్‌లో వెలిగిన దీపపు వెలుగు ఆ విధంగా మా ప్రాంగణం వరకూ వచ్చిందని తెలిసినప్పుడు మాకు కలిగిన ఆనందం ఇంతింత కాదు.

కాని ఆ యజ్ఞం పూర్తి కాలేదు. లక్ష్మణరావుగారు ఏ విషయాన్నీ పైపైన తాకి విడిచే స్వభావం కలవారు కారు. ప్రతి వ్యాసాన్నీ నిశితంగా పరిశీలించేవారు. స్వయంగా ఎన్నో వ్యాసాలు వ్రాసేవారు. అందువలన మూడు సంపుటాలు వెలువడినా అవి అకారంతో ఆరంభమయ్యే విషయాలను దాటలేదు. తెలుగు అక్షరమాలలో మొదటి అక్షరం దగ్గరనే ఆ మహానుభావుని ఆయుర్దాయం ముగిసింది. ఉబ్బసం ఆయనను చాలాకాలం బాధించింది. 1923 జూలైలో, నలుబది ఆరు యేండ్ల వయస్సులో, మద్రాసులో ఆయన దివంగతులైనారు.

అ అక్షరం దగ్గర ఆగిపోయిన సర్వస్వాన్ని తలచుకొన్నప్పుడు మా గోష్ఠిలో అభిప్రాయభేదం వచ్చింది. అంత పెద్ద పనికి పూనుకొనక, చిన్న పుస్తకాలతో తృప్తిపడి ఉంటే మరింత మందికి మేలు జరిగేదని కొందరు అన్నారు. పరిపూర్ణత మీది మోజు పనికి ఆటంకమైందని వారి వాదం. అందులో కొంత సత్యం లేకపోలేదు. పరీక్షకు సమయం చాలక మొదటి ప్రశ్నకే అన్ని పుటలూ వ్రాసే విద్యార్థి గతి ఏమవుతుందో మనకు తెలుసు. కాని మిగిలినవారు వేరొక విధంగా ఆలోచించారు. ఒక్కడే పూర్తి చేయగల పని అయితే దానికి సమాజం అవసరమే లేదు. పూర్తికాని పనిని విడిచిపోయినవాడు వెనుకవారికి చోటు విడిచిపోయినవాడు కూడా అవుతాడు. మేము ఈ రెండవ అభిప్రాయం వైపే మొగ్గాము. ఎందుకంటే చరిత్ర ఆ విధంగానే జరిగింది.

లక్ష్మణరావుగారి మరణానంతరం దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞాన సర్వస్వం పనిని తలకెత్తుకొని, 1938లో తాము మరణించేలోపల కొన్ని సంపుటాలు ప్రకటించారు. హైదరాబాదులో 1922 ప్రాంతంలో ఏర్పడిన పరిశోధక సంఘం ఆయన పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి అయింది. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు అందులో శ్రమించి, ఊరూరా తిరిగి శాసనాలను సేకరించగా, తెలంగాణా శాసనములు అనే సంపుటం 1935లో వెలువడింది. 1950ల చివరి నుండి మామిడిపూడి వెంకటరంగయ్య, ఖండవల్లి లక్ష్మీరంజనం గార్ల ఆధ్వర్యంలో సంగ్రహ ఆంధ్ర విజ్ఞానకోశం ఎనిమిది సంపుటాలుగా హైదరాబాదునుండి వెలువడింది. ఖండవల్లివారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులు. మద్రాసులో మొదటి అక్షరం దగ్గర ఆగిన పనివంటి పనే, సంగ్రహరూపంలోనైనా, చివరి అక్షరం వరకూ నడిచినది ఈ నగరంలోనే. విజ్ఞాన చంద్రికా మండలి పుట్టినది కూడా ఇక్కడే కదా!

ఇప్పుడు మన సంగతి. నేడు పుస్తకాలకు కరవు లేదు. సుల్తాన్ బజారు, కోఠి ప్రాంతాలలో పాత పుస్తకాలు దొరుకుతాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లక్షలాది గ్రంథాలు ఉన్నాయి. చేతిలోని ఫోనులోనే ఎన్నో పుస్తకాలు చదువుకొనే వీలు కలిగింది. 1901లో రాంకోటిలో కూర్చున్న పాఠకుడు కలగనలేని సంపద ఇది. అయినా పుస్తకాలు ఉండడం వేరు. ఆ పుస్తకం నీకు నచ్చుతుంది, చదివి చూడు అని భుజం తట్టి చెప్పే మనిషి ఉండడం వేరు. తండ్రి లేని లక్ష్మణరావుకు అక్క ఇల్లు దొరికింది. బడి లేని అచ్చమాంబకు తమ్ముని పాఠం దొరికింది. మనలో ఎంతమంది ఇండ్లలో అటువంటి అక్కలు, చెల్లెళ్ళు, తల్లులు మనం బల్ల మీద విడిచివేసిన పుస్తకాన్ని రాత్రివేళ తెరిచి చూస్తున్నారో మనం ఎన్నడైనా విచారించామా? వారి అభిప్రాయాన్ని అడిగామా?

మా మిత్రుని అక్కగారి సంగతి తెలిసిన తరువాత మేము ఒక చిన్న మార్పు చేసికొన్నాము. మా గోష్ఠిలో తిరిగే పుస్తకంలో ఒక తెల్ల కాగితం పెట్టి పంపుతున్నాము. చదివినవారు దానిమీద తమకు తోచినది నాలుగు పంక్తులు ఉర్దూలోనో, తెలుగులోనో వ్రాయాలి. మొదటిసారి ఆ కాగితం తిరిగి వచ్చినప్పుడు దానిపై మా అందరి వ్రాతలకంటె అక్కగారి వ్రాతే ఎక్కువ స్థలం ఆక్రమించి ఉంది. ఆ నవలలోని నాయిక చేసిన తప్పు ఏమిటో ఆమె చెప్పినంత స్పష్టంగా మాలో ఎవరమూ చెప్పలేకపోయాము. ఇప్పుడు ఆమె ప్రైవేటుగా ఇంటర్మీడియట్ పరీక్షకు కూర్చొనడానికి ఇంటివారిని ఒప్పించే ప్రయత్నంలో ఉన్నారు. అది ఫలిస్తుందో లేదో కాలమే చెప్పాలి. కాని ప్రయత్నం మొదలైనది ఒక పుస్తకం చేతులు మారడం వలన అన్నది మాత్రం నిజం.

కావున మా కళాశాల కమిటీవారికి వినయపూర్వకంగా ఒక విన్నపం చేసికొంటున్నాము. కళాశాల గ్రంథాలయంలో వారానికి ఒక గంట, ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి కూర్చుండి తాము చదివిన పుస్తకాన్ని గూర్చి పరస్పరం చెప్పుకొనే అవకాశం కల్పించాలి. ఒక చిన్న అలమారను రెండు భాషల పుస్తకాలతో ప్రత్యేకంగా ఉంచి, విద్యార్థులు వాటిని ఇంటివారి కోసం కూడా తీసికొనిపోయే వీలు కలిగించాలి. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి మొదట ఉన్నది ఒక మిత్రుని ఇల్లు, కొందరి ఉత్సాహం మాత్రమే. మన కళాశాలకు గదులూ ఉన్నాయి, ఉత్సాహమూ ఉంది.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఇంకా చిన్నది. ఈ వారం మీరు చదివిన పుస్తకాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేయకండి. దానిని చదవవలసినవారు ఎవరో ఒక్క నిమిషం ఆలోచించి, వారి చేతికి అందివ్వండి. వారికి ఆ లిపి రాకపోతే ప్రక్కన కూర్చుండి కథ చెప్పండి. నాగపూరులో ఒక తమ్ముడు ఒకప్పుడు చేసినది అంతకంటె ఎక్కువ ఏమీ కాదు.